పాఠంలో పువ్వు, పెరట్లో పువ్వు

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. నలభై అయిదు నిమిషాల పీరియడ్లు చెప్పీ చెప్పీ రిటైరైన వాణ్ణి. ఇరవై నిమిషాల్లో ఆపడం నాకు చేతకాని పని కనుక, టైమైతే గంట కొట్టమని మన అటెండరు అన్నకు ముందే చెప్పి వచ్చాను.

బడి జ్ఞాపకాలు చెప్పమన్నారు. నిన్నటి నుంచి చాలామంది చెప్పారు, నాకంటే బాగా చెప్పారు. చింతచెట్టు కింద క్లాసులు, ఎర్ర సిరా మార్కులు, గోడ దూకిన కథలు అన్నీ అయిపోయాయి. నేను వృక్షశాస్త్రం వాణ్ణి. పుట్టింది, చదివింది ఈ జనగామ వైపే. ఉద్యోగం ఎక్కువ కాలం మహబూబాబాద్‌లో, అంటే మన నోటికి మానుకోటలో చేశాను. చివరి ఆరేళ్లు భూపాలపల్లిలో. నేను చేరినప్పుడు ఈ మూడూ ఒకే వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలయ్యాయి. కాబట్టి మూడు జిల్లాల్లో పనిచేశానని చెప్పుకునే హక్కు నాకు కాలు కదపకుండానే వచ్చింది.

ఈరోజు ఒక మొక్క గురించి మాట్లాడతాను. పేరు ఈనోథెరా. ఇంగ్లిషు వాళ్లు ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అంటారు. ఆ పేరు వినగానే మీలో బై.పి.సి. చదివిన వాళ్ల ముఖాల్లో కొంచెం భయం కనిపిస్తోంది. మీ అనుమానం నిజమే, ఆ మొక్కే. ‘హ్యూగో డీ వ్రీస్ ఉత్పరివర్తన సిద్ధాంతాన్ని వివరింపుము’ అనే ప్రశ్న గుర్తుందా? ఆ జవాబులో రెండో వాక్యం ‘ఆయన ఈనోథెరా లామార్కియానా అనే మొక్కపై ప్రయోగాలు చేసెను’. మనమంతా ఆ వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. చదివినవాడు, చెప్పినవాడు, పేపరు దిద్దినవాడు, ఒక్కరూ ఆ మొక్కను చూడలేదు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఆ పాఠం చెప్పాను. బోర్డు మీద నాలుగు రేకుల పువ్వు గీసి, పక్కన పసుపు సుద్దముక్కతో రంగు పూసేవాణ్ణి.

రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లాను. టెక్సస్‌లో, డాలస్ పక్కన ఉంటుంది. ఈ సభలో కూర్చున్న వాళ్లలో సగం మంది పిల్లలు ఆ చుట్టుపక్కలే ఉన్నారు కనుక ఆ ఊరి గురించి నేను చెప్పనక్కర్లేదు. మేం వెళ్లింది ఏప్రిల్ నెల. రోడ్ల పక్కన, ఫ్లైఓవర్ల కింద, ఖాళీ ప్లాట్లలో, ఎక్కడ చూసినా లేత గులాబీ రంగు పూలు. మొక్క అడుగు, అడుగున్నర ఎత్తు. పువ్వు మాత్రం మొక్కను మించి పెద్దది. పల్చని నాలుగు రేకులు, రేకు మీద ముదురు గులాబీ ఈనెలు, గొంతు దగ్గర పసుపు. ఒకటి కోసి తిప్పి చూశాను. అండాశయం పువ్వు కింద ఉంది. కేసరాలు లెక్కపెట్టాను, ఎనిమిది. కీలాగ్రం నాలుగుగా చీలి కూడిక గుర్తులా నిలబడింది. మా అల్లుడు గారు కారు పక్కకు ఆపి, మామయ్య ఏం పారేసుకున్నారా అని చూస్తున్నారు.

అది ఈనోథెరాయే. డీ వ్రీస్ గారి పసుపుపచ్చ మొక్కకు దగ్గరి చుట్టం, ఈనోథెరా స్పీసియోసా. స్పీసియోసా అంటే లాటిన్‌లో చూడముచ్చటైనది అని. ఇంగ్లండు నుంచి వలస వెళ్లిన థామస్ నట్టాల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1819లో ఆర్కాన్సా ప్రాంతమంతా తిరిగి, 1821లో దానికి ఆ పేరు పెట్టాడు. అమెరికా నడిమి గడ్డిభూముల నుంచి మెక్సికో ఈశాన్యం దాకా దాని సొంత ఊళ్లు. ఉత్తరాన పువ్వు తెల్లగా పూసి వాడేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతుంది. దక్షిణాన మొదటినుంచే గులాబీ. ఇంకో తమాషా ఉంది. పేరులో సాయంత్రం ఉన్నా, టెక్సస్‌లాంటి దక్షిణ ప్రాంతాల్లో ఈ పువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది. ఉత్తరాది మొక్కలు సాయంత్రం విచ్చుకుంటాయి. పేరు ఒకటి, నడవడి ఒకటి. మన క్లాసులో కూడా అలాంటి వాళ్లు ఉండేవారు, ఇక్కడే కూర్చున్నారు, పేర్లు చెప్పను.

అక్కడి పిల్లలు దాన్ని బటర్‌కప్ అంటారు. అసలు బటర్‌కప్ వేరే మొక్క, కానీ పిల్లల మాట పిల్లలది. వాసన చూడమని పువ్వు ముక్కు దగ్గర పెట్టి, ముక్కుకు పసుపు పుప్పొడి అంటించి నవ్వుతారు. మా మనవరాలు నాకూ అంటించింది. తుడిచినా తొందరగా పోదు. దానికి కారణం ఉంది. ఈ కుటుంబంలో పుప్పొడి విడివిడి రేణువులుగా రాలదు. సాలెగూడు దారంలాంటి జిగట పోగులతో ఒకదానికొకటి చుట్టుకొని, దండలుగా బయటికి వస్తుంది. పురుగు కాలికి ఒక పోగు తగిలితే మొత్తం దండ వెంట పోతుంది.

ఇక డీ వ్రీస్ కథ. పుస్తకంలో నాలుగు వాక్యాల్లో ఉంది కానీ అంతకంటే బాగుంటుంది. 1886లో హాలండులో హిల్వర్‌సమ్ అనే ఊరి దగ్గర, సాగు వదిలేసిన ఒక ఆలుగడ్డ చేనులో ఆయన ఈ మొక్కల్ని చూశాడు. తోటలోంచి తప్పించుకొని వచ్చి బీట్లో ఇష్టమొచ్చినట్టు పెరుగుతున్నాయి. వాటిలో కొన్ని మిగతావాటికి భిన్నంగా ఉన్నాయి. గింజలు తెచ్చి ఏళ్ల తరబడి పెంచాడు. వేల మొక్కల్లో అక్కడొకటి ఇక్కడొకటి కొత్త రూపం వచ్చేది. ఒకటి భారీగా, ఒకటి మరుగుజ్జుగా, ఒకటి ఎర్ర ఈనెలతో. భారీదానికి గైగాస్ అని, పొట్టిదానికి నానెల్లా అని పేర్లు పెట్టాడు. కొత్త జాతులు డార్విన్ చెప్పినట్టు మెల్లమెల్లగా రావు, ఒక్క గెంతులో వస్తాయి అన్నాడు. 1901 నుంచి 1903 వరకు ఆ గ్రంథం వెలువడింది. ‘మ్యుటేషన్’ అనే మాట మన పుస్తకాల్లోకి ఆ దారినే వచ్చింది.

తర్వాతి వాళ్లు ఆ మొక్కల క్రోమోజోములు లెక్కపెట్టారు. మామూలు మొక్కలో 14 ఉంటే గైగాస్‌లో 28 ఉన్నాయి. లాటా అనే మరో రూపంలో 15. అంటే ఒక జన్యువు మారడం వల్ల వచ్చిన తేడాలు కావవి. ఇంకా లోపలికి వెళ్తే, లామార్కియానా అసలు శుద్ధమైన జాతే కాదు, తరతరాలుగా సంకరంగానే బతుకుతున్న మొక్క. దాని క్రోమోజోములు జతలు కట్టకుండా గొలుసులా వలయం కడతాయి. ప్రపంచంలో ఇంత విచిత్రమైన మొక్కను వెతుక్కొని వెళ్లి మరీ ఎంచుకున్నాడాయన, సాధారణ నియమం చెప్పడానికి! ఆయన చెప్పిన వివరణ చాలావరకు నిలవలేదు. ఆయన వాడిన మాట నిలిచింది, ఆయన మొక్క వల్ల జన్యుశాస్త్రానికి కొన్ని దశాబ్దాల పని దొరికింది. పరీక్షలో ఇదంతా రాస్తే పాత స్కీములో మార్కులు పడేవి కావు, అది వేరే సంగతి.

ఇప్పుడు పెరట్లోకి వద్దాం. 1900లో మెండెల్ నియమాల్ని మళ్లీ వెలుగులోకి తెచ్చిన వాళ్లలో డీ వ్రీస్‌తో పాటు కార్ల్ కోరెన్స్ అనే జర్మన్ ఉన్నాడు. ఆయన పనిచేసిన మొక్క పేరు మిరాబిలిస్ జలాపా. పరీక్ష కోసం ఆ పేరు కూడా బట్టీ పట్టాం. ఎర్రపూల మొక్కను తెల్లపూల మొక్కతో కలిపితే మొదటి తరం అంతా గులాబీ రంగు, రెండో తరంలో ఒకటి ఎరుపు, రెండు గులాబీ, ఒకటి తెలుపు. అసంపూర్ణ బహిర్గతత్వం. 1909లో అదే మొక్కలో ఆకుల మచ్చలు తల్లి వైపు నుంచే సంక్రమిస్తాయని చూపించాడు. ఆ మిరాబిలిస్ జలాపా ఎక్కడ ఉంటుందో ఎప్పుడైనా చెప్పారా మనకు? బావి దగ్గర. స్నానాల గది వెనక. మా అమ్మ గిన్నెలు తోమిన నీళ్లు పారబోసే చోట. అది మన చంద్రకాంత. పొద్దు వాలగానే విచ్చుకుని, తెల్లారి ఎండెక్కేసరికి ముడుచుకుపోయే చంద్రకాంత. గడియారం లేని ఇళ్లలో చంద్రకాంత విచ్చుకుందంటే పొయ్యి వెలిగించే వేళ. పేరు బట్టీ పట్టిన పిల్ల, ఇంటికి పోయి అదే పువ్వు జడలో తురుముకుంది. పాఠానికీ పెరడుకూ మధ్య పది గజాల దూరం ఉంటే, మేం మాస్టర్లం దాన్ని పది వేల మైళ్లు చేసి చెప్పాం.

చంద్రకాంతలో రంగుగా కనిపించేది రేకులు కావు, రక్షక పత్రాలే గొట్టంలా కలిసి రంగు తెచ్చుకుంటాయి. నల్లని గింజ పగలగొడితే లోపల తెల్లని పిండి. జపాన్‌లో దీన్ని ముఖానికి రాసుకునే తెల్ల పొడి పేరుతోనే పిలుస్తారు. మన ఆడపిల్లలు కూడా గింజలు చిదిపి పౌడరు ఆట ఆడుకున్నారు. జపానుకూ జనగామకూ ఎవరు కబురు చేశారో!

ఈనోథెరా కుటుంబం కూడా మనకు అంత దూరం కాదు. ఒక చుట్టం, ఈనోథెరా రోజియా, చిన్న గులాబీ పూలతో ఊటీ, కొడైకెనాల్ కొండల్లో రోడ్ల పక్క స్థిరపడింది. ఈసారి వెళ్లినప్పుడు బొటానికల్ గార్డెన్‌లో ఫొటో దిగాక కాలవ గట్టు కూడా చూడండి. అసలైన మనవాళ్లు మాత్రం చెరువుల్లో ఉన్నారు. వరి మళ్ల గట్ల మీద, చెరువు అంచు తడిలో పసుపుపచ్చగా నాలుగు రేకులతో పూసే లుడ్విజియా ఉంటుంది. కాయ సన్నగా లవంగంలా ఉంటుంది. ఇంకొక రకం నీటి మీద పాకుతుంది, తెల్ల పువ్వు, మధ్యలో పసుపు, కణుపుల దగ్గర దూదిలాంటి తెల్లని వేళ్లు పట్టుకొని తేలుతుంది. మానుకోటలో నేను విద్యార్థుల్ని ఫీల్డ్ ట్రిప్‌కు చెరువు దగ్గరికి తీసుకుపోయి, ‘ఇదిగో డీ వ్రీస్ గారి మేనమామ కూతురు’ అని చూపించేవాణ్ణి. పేరు మర్చిపోయినా వరస మర్చిపోలేదు పిల్లలు.

ఇంకో మాట, ముఖ్యంగా అక్కయ్యలకు. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ ఆయిల్ అని మన మందుల షాపుల్లో పసుపు రంగు మెత్తటి క్యాప్సూల్స్ అమ్ముతారు. రొమ్ము నొప్పికి, చర్మం దురదకు రాస్తుంటారు. ఆ నూనె ఈనోథెరా గింజలదే. అందులో గామా లినోలెనిక్ ఆమ్లం ఉంది, అది నిజం. కానీ ఆ జబ్బులకు పనిచేస్తుందనే రుజువు చాలదని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2002లో రెండు పేరున్న మందుల లైసెన్సులు వెనక్కి తీసుకుంది. ఎగ్జిమా మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన 2013 నాటి కోక్రేన్ సమీక్ష కూడా ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా కనపడలేదని తేల్చింది. వాడుతున్న వాళ్లు నా మాట మీద ఆపకండి, మీ డాక్టరును అడగండి. గడ్డ తగిలితే మాత్రం క్యాప్సూల్ వేసుకుంటూ కూర్చోకండి, వెంటనే చూపించుకోండి.

2019లో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో ఈనోథెరా మీద, సముద్రపు ఒడ్డున పెరిగే డ్రమ్మాండై మీద, ఒక ప్రయోగం చేశారు. తేనెటీగ రెక్కల చప్పుడు రికార్డు చేసి పువ్వు దగ్గర వినిపిస్తే, మూడు నిమిషాల్లో పువ్వులోని మకరందం తియ్యదనం పెరిగింది. పువ్వుకు చెవులున్నాయని వెంటనే పేపర్లు రాశాయి. అంత దూరం నేను పోను. రేకులు ఆ చప్పుడుకు కంపిస్తాయని మాత్రం వాళ్లు కొలిచి చూపించారు. నలభై ఏళ్లు మా పాఠాలు విన్న పిల్లల్లో తియ్యదనం ఎంత పెరిగిందో ఎవరూ కొలవలేదు, అది మాకు మంచిదే.

ఇక అసలు చెప్పాలనుకున్న విషయం.

టెక్సస్‌లో ఆ పూలు రోడ్ల పక్కన అన్ని ఉండటం ఊరికే జరగలేదు. 1930ల నుంచి అక్కడి రహదారుల శాఖ ఒక పద్ధతి పెట్టుకుంది. వసంతంలో పూలు పూసి, గింజ రాలేదాకా రోడ్డు పక్క గడ్డి కోయరు. కోత యంత్రం సిద్ధంగా ఉన్నా ఆపుతారు. దాంతోపాటు ఏటా సుమారు 30,000 పౌండ్ల అడవిపూల గింజలు కొని చల్లుతారు. ప్రెసిడెంటు జాన్సన్ భార్య, లేడీ బర్డ్ జాన్సన్ అని అందరూ పిలిచే ఆవిడ, ఈ పని మీద చాలా పట్టుదల చూపింది. 1965లో రహదారుల సుందరీకరణ చట్టం రావడం వెనక ఆవిడే ఉంది. 1982లో అడవిపూల కోసం ఒక పరిశోధన కేంద్రమే పెట్టించింది. వాళ్ల రాష్ట్ర పుష్పం బ్లూబానెట్, 1901లోనే ప్రకటించుకున్నారు. మన తంగేడు 2014లో రాష్ట్ర పుష్పమైంది, అదే ఏడాది బతుకమ్మ రాష్ట్ర పండుగైంది.

తంగేడును రాష్ట్ర పుష్పం చేసుకున్నాం కానీ, తంగేడు ఉండే చోటును ఏం చేసుకున్నాం? మన జనగామ నేల ఎలాంటిదో మీకు తెలుసు. చెల్కలు, రాళ్ల గుట్టలు, బీళ్లు. ఆ బీళ్లలోనే తంగేడు. జొన్న చేలలో, పల్లి చేలలో, కంది సాళ్ల మధ్య గునుగు. లేతగా ఉన్నప్పుడు కొస గులాబీ రంగు, ముదిరేకొద్దీ వెండి తెలుపు. పెత్రమాస పొద్దున మేం గంప పట్టుకొని పోతే గంటలో నిండేది. ఇప్పుడు ఆ బీళ్లలో చాలావాటికి తెల్లరంగు వేసిన హద్దు రాళ్లు వచ్చాయి. 163వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ ఎంత దూరం పోయినా వెంచర్ల బోర్డులే. చేలలో కలుపుమందు వచ్చింది. పోయిన దసరాకు హనుమకొండలో ఆడపిల్లలు గునుగు కట్టకు బేరమాడటం చూశాను. గునుగుకు బేరం! మా నాయనమ్మ వింటే నమ్మేది కాదు.

రైతును తప్పుపట్టడానికి ఈ మాట అనట్లేదు. గునుగు పండుగనాడు పువ్వు, మిగతా మూడు వందల అరవై రోజులు రైతుకు కలుపు. పల్లి చేనును గునుగు మింగేస్తే నష్టం ఎవరిది? కలుపు తీసే కూలీలు దొరకరు, దొరికినా కూలి గిట్టదు. మందు కొట్టక ఆయన ఏం చేస్తాడు? ‘బతుకమ్మ కోసం నీ చేనులో గునుగు ఉంచు’ అని రైతును అడిగే అర్హత, జనగామలో ఇల్లు కట్టుకొని ఇంటి చుట్టూ గజం మట్టి కూడా మిగల్చకుండా సిమెంటు పోయించుకున్న మనకు లేదు.

కాబట్టి అడగాల్సింది పంట పండించని జాగాల్ని. రోడ్డు పక్కలు, చెరువు కట్టలు, ఆఫీసుల ఆవరణలు, బడులు. భూపాలపల్లిలో ఓపెన్‌కాస్ట్ మట్టి దిబ్బలు చూశాను, భూమి కడుపులోంచి తీసి పోసిన మట్టి. రెండు మూడు వానలు పడ్డాక దాని మీద ఏం మొలుస్తుందో చూడటం నాకు అలవాటు. ముందు వయ్యారిభామ వస్తుంది, అది ఎక్కడికైనా వస్తుంది. కానీ పక్కనే గునుగు కూడా తల ఎత్తేది. కదిలించిన నేల అంటే దానికి ఇష్టం. డీ వ్రీస్ ఆలుగడ్డ చేను, టెక్సస్ రోడ్డు పక్క, సింగరేణి దిబ్బ, మన బీడు, అన్నీ ఒక జాతి జాగాలే. మనిషి కదిలించి వదిలేసినవి. ఈ పూలకు తోటమాలి అక్కర్లేదు. కొన్నాళ్లు జోలికి పోకుండా వదిలేసే వాళ్లు కావాలి.

ఇక్కడ మన అమెరికా తమ్ముళ్లకు ఒక విన్నపం. నిన్న భోజనాల దగ్గర ఒకతను ‘సార్, ఆ గులాబీ పూల గింజలు పంపిస్తాను, బడి నిండా చల్లుదాం’ అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. వద్దు నాయనా. ఆ మొక్క భూమి లోపల వేరుకాండంతో పాకుతుంది, అమెరికాలోనే తోటల్లో నాటుకొని వదిలించుకోలేక తలపట్టుకున్న వాళ్లున్నారు. బయటి దేశం గింజలు అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తేవడం 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం నేరం కూడా. వయ్యారిభామ 1950లలో పుణె దగ్గర మొదట కంటపడింది, ఇవాళ మన గడప దగ్గర ఉంది.

‘మరి మన బంతి మెక్సికోది కాదా సార్, చంద్రకాంత అమెరికా ఖండం నుంచి వచ్చింది కాదా?’ అని అడుగుతారు. అడగాలి కూడా. అవును, బతుకమ్మలో బంతి పరాయి దేశపు పువ్వే. వచ్చి కొన్ని వందల ఏళ్లయింది, పెట్టిన చోట ఉంది, పక్కవాళ్ల జాగా ఆక్రమించలేదు. మొక్కను పుట్టిన ఊరు చూసి కాక, వచ్చాక ఎలా మసలుకుందో చూసి లెక్కకట్టాలి. ఆ లెక్క తేలడానికి యాభై ఏళ్లు పడుతుంది. తెలియనప్పుడు తేకపోవడం మేలు.

ఇప్పుడు మన కార్యవర్గం ముందున్న ప్రతిపాదన సంగతి. స్వర్ణోత్సవ నిధితో బడి వెనక జాగా అంతా చదును చేసి, టైల్స్ వేసి, మధ్యలో లాన్ పెంచాలని. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో అది చర్చకు వస్తుంది. పిల్లలు కూర్చొని తినడానికి చోటు కావాలి, వానాకాలం బురద, అన్నీ నిజమే. టైల్స్ వేయండి. నేనడిగేది వెనక ప్రహరీ గోడ పొడవునా పది గజాల వెడల్పు పట్టీ. దాన్ని చదును చేయొద్దు, మందు కొట్టొద్దు, దసరా అయి గింజ రాలేదాకా కోయొద్దు.

పాములొస్తాయని ప్రధానోపాధ్యాయురాలు గారు నిన్ననే అన్నారు. ఆ భయం తీసిపారేయదగ్గది కాదు, పిల్లల బాధ్యత ఆవిడది. అందుకే గోడ దగ్గరి పట్టీ అడుగుతున్నాను, తరగతి గదుల దగ్గరిది కాదు. మధ్యలో ఇరవై అడుగులు శుభ్రంగా ఉంటుంది, తీగల కంచె ఉంటుంది, టీచరు లేకుండా పిల్లలు లోపలికి పోరు. కార్తీకం దాటాక మొత్తం కోసేస్తాం. లాన్‌కు రోజూ నీళ్లు కావాలి. మన బోరు వేసవిలో ఎట్లా పోస్తుందో ఇక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ఈ పట్టీకి వాన చాలు. కంచె ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది, నిన్న రాత్రి మాట్లాడుకున్నాం.

సైన్సు టీచర్లకు ఇంకో లాభం. ఎర్ర చంద్రకాంత, తెల్ల చంద్రకాంత పక్కపక్కన పెట్టండి. ఎర్రపువ్వు విచ్చుకోకముందే, సాయంత్రం మూడు గంటలకల్లా కేసరాలు కత్తిరించి, విచ్చుకున్నాక తెల్లదాని పుప్పొడి రుద్ది, గుడ్డ సంచి కట్టాలి. ఒక పువ్వుకు ఒకటే గింజ కాబట్టి ఓపిక కావాలి, ఇరవై ముప్పై పూలకు చేయాలి. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టిన పిల్ల పదో తరగతిలో తన మొక్క పూసినప్పుడు రంగు తనే చూసుకుంటుంది. మన పెరటి చంద్రకాంతలో రంగులు ముందే కలిసి ఉంటాయి కనుక, పుస్తకంలో ఉన్నట్టు అన్నీ గులాబీ రంగే రాకపోవచ్చు. రాకపోతే ఎందుకు రాలేదో వెతకడం ఇంకా మంచి పాఠం.

గంట కొట్టేశాడు మా అన్న. రెండు నిమిషాలు.

మొన్న కార్తీకంలో సేకరించిన గునుగు గింజలు తెచ్చాను. ఎండిన కంకి గుడ్డ మీద దులిపితే నల్లగా, మెరుస్తూ, ఆవాలకంటే చిన్నగా రాలతాయి. మృగశిర కార్తెలో మొదటి వాన పడ్డాక ఊరికే చల్లండి, మట్టి లోతుగా కప్పొద్దు. తంగేడు గింజ పెంకు గట్టిది. వేడినీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టి పెట్టండి, పూత ఆ ఏడాదే రాలేదని నిరాశ పడొద్దు. చంద్రకాంత గింజలు కూడా ఉన్నాయి, ఎరుపు, తెలుపు వేరు వేరు పొట్లాలు కట్టాను. వాటి గింజ, దుంప విషం, చిన్నపిల్లల నోట్లోకి పోకుండా చూడండి. కావలసిన వాళ్లు భోజనాల దగ్గర, నీళ్ల డ్రమ్ము పక్కన ఉంటాను, అడగండి.